వ్యాయామం: కణంలో తెచ్చే మార్పులు, వ్యాధుల నివారణ

నడక, పరుగు, ఈత, సైకిలు తొక్కడం, బరువులెత్తడం, దండీలు, గుంజీలు, ఆటలు వంటి వాటితో కండరాలను క్రమం తప్పకుండా పనిచేయించడాన్ని వ్యాయామం అంటారు. దాని ఫలితాన్ని మనవాళ్లు ఎక్కువగా బరువుతోనూ నడుము చుట్టుకొలతతోనూ చూసుకుంటారు. నెల తిరిగేలోగా బరువు తగ్గకపోతే లాభం లేదని మానేస్తారు. నిజానికి మార్పు మొదలయ్యేది తూకానికి అందని చోట, కణం లోపల. బరువు ఒక్క గ్రాము తగ్గకపోయినా కండర కణం చక్కెరను వాడుకునే తీరు, రక్తనాళం విచ్చుకునే తీరు, పాడైపోయిన భాగాలను కణం వదిలించుకునే తీరు మారతాయి. మధుమేహం, గుండెజబ్బు, కొన్ని రకాల క్యాన్సర్లు, ముదిమిలో వచ్చే బలహీనత వంటి వాటిని వ్యాయామం ఎలా దూరం పెడుతుందో ఈ మార్పులను చూస్తే అర్థమవుతుంది.

కండరంలో శక్తి లెక్క

కండరం ముడుచుకోవడానికి కావలసిన శక్తి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తంగా ఏటీపీ, అనే అణువు నుంచి వస్తుంది. ఈ సంగతి వెలుగులోకి రావడంలో ఒక తెలుగు శాస్త్రవేత్త పాత్ర చాలా పెద్దది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించారు. 1925లో ప్రకటించిన ఆ పద్ధతితో కండరాన్ని శోధిస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. అప్పటిదాకా కండరాన్ని కదిలించేది లాక్టిక్ ఆమ్లమేనన్న అభిప్రాయం బలంగా ఉండేది. ఫిస్క్, సుబ్బారావుల పనితో అది సడలిపోయింది. ఫోలిక్ ఆమ్లం, యాంటీబయాటిక్‌ల సందర్భంలో సుబ్బారావును తలచుకుంటాం గానీ వ్యాయామ శాస్త్రానికి ఆయన వేసిన పునాదిని గుర్తుచేసుకునేవారు తక్కువ. అది మన పాఠ్యపుస్తకాలు సరిదిద్దుకోవలసిన లోటు.

ఏటీపీని శరీరం పెద్ద మొత్తంలో దాచుకోలేదు. శక్తికొద్దీ పరిగెత్తితే కండరంలో ఉన్నది రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ ఇంకో పది సెకన్ల దాకా ఆదుకుంటుంది. ఆపైన గ్లూకోజును, కొవ్వును కరిగించి ఎప్పటికప్పుడు తయారుచేసుకోవలసిందే. ఖర్చు రాబడిని మించినప్పుడు కణంలో ఏఎంపీ అనే అణువు పోగుపడుతుంది. దాన్ని పసిగట్టడానికి ఏఎంపీకే అనే ఎంజైము ఉంది. అది చురుకైతే కొవ్వు, కొలెస్ట్రాల్ తయారీకి కళ్లెం పడుతుంది, ఉన్న కొవ్వు కాలడం మొదలవుతుంది, గ్లూకోజుకు దారి తెరుచుకుంటుంది.

వ్యాయామం చేసే మేలంతా ఈ తాత్కాలికమైన కొరత మీద ఆధారపడి ఉంది. అది కణాన్ని కాసేపు ఇబ్బంది పెడుతుంది. మళ్లీ అటువంటి ఇబ్బంది వస్తే తట్టుకునేలా కణం తనను తాను సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు చాలావరకు వ్యాయామం ముగిశాక, తిండి తిన్నాక, నిద్రపోయాక జరుగుతుంది. అవసరం మళ్లీ ఎదురుకాకపోతే కొన్ని వారాల్లోనే వెనక్కి పోతుంది. కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడిన శరీరం యాభై ఏళ్ల వయసులో ఆ ఆట మీద బతకలేకపోవడానికి కారణం ఇదే.

మైటోకాండ్రియా: కొత్తవి పుట్టడం, పాతవి పోవడం

కణంలో ఆక్సిజన్‌ను వాడుకుని ఏటీపీని తయారుచేసే భాగం మైటోకాండ్రియా. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జాన్ హలోజీ ఎలుకలను కొన్ని వారాలపాటు ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వాటి కాలి కండరాల్లో మైటోకాండ్రియా ఎంజైములు దాదాపు రెట్టింపైనట్టు చూపించాడు. ఓర్పు పెరగడానికి గుండె, ఊపిరితిత్తులు బలపడటమే కారణమని అనుకుంటున్న కాలంలో కండర కణమే మారుతోందని తేల్చిన ప్రయోగం అది. ఈ రంగంలో తర్వాత జరిగిన పరిశోధన చాలావరకు దాని నుంచే మొదలైంది.

మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంది, కానీ అందులో ఉన్న జన్యువులు 37 మాత్రమే. మిగతా వెయ్యికి పైగా ప్రోటీన్లకు సూచనలు కణ కేంద్రకంలో ఉంటాయి. రెండింటినీ ఒక్క తాటి మీద నడిపే ప్రోటీన్ పీజీసీ-1 ఆల్ఫా. దాన్ని 1998లో బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం కనుగొంది. ఏఎంపీకే, కండరం ముడుచుకున్నప్పుడు విడుదలయ్యే కాల్షియం, రెండూ దాన్ని ప్రేరేపిస్తాయి. ఒక్కసారి గట్టిగా వ్యాయామం చేసినా కొన్ని గంటల్లో దాని ఉత్పత్తి పెరుగుతుంది.

కొత్తవి పుట్టడం ఎంత ముఖ్యమో పాడైనవి పోవడం అంతే ముఖ్యం. చెడిన మైటోకాండ్రియా శక్తి తక్కువ ఇస్తూ, కణాన్ని గాయపరిచే ఆక్సిజన్ రాడికల్స్‌ను ఎక్కువ వదులుతుంది. ఇలాంటి వాటిని ఒక పొరలో చుట్టి, విడగొట్టి, పనికొచ్చే ముక్కలను తిరిగి వాడుకునే ప్రక్రియను ఆటోఫజీ అంటారు. దాని యంత్రాంగాన్ని ఈస్ట్ కణాల్లో విప్పి చూపినందుకు జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమీకి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. వ్యాయామం ఆటోఫజీని పెంచుతుందని 2012లో బెత్ లెవీన్ బృందం ఎలుకల్లో నిరూపించింది. వ్యాయామ సమయంలో ఆటోఫజీ పెరగకుండా జన్యుమార్పు చేసిన ఎలుకలను ఎంత పరిగెత్తించినా, కొవ్వు ఎక్కువున్న తిండి వల్ల వచ్చే చక్కెర సమస్య నుంచి వాటికి రక్షణ దొరకలేదు. కణం శుభ్రపడటం కూడా మేలులో ఒక భాగమని దీన్నిబట్టి తెలుస్తుంది, ఎలుకలకు నిజమైన ప్రతీదీ మనిషికి వర్తిస్తుందని చెప్పలేకపోయినా.

ఆక్సిజన్ రాడికల్స్ గురించి ఒక మాట. వీటిని కేవలం శత్రువులుగా చిత్రించే ప్రకటనలు చాలా ఉన్నాయి. 2009లో మైకేల్ రిస్టో బృందం జర్మనీలో యువకుల చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించి, కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చింది. మాత్రలు వేసుకోనివారిలో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది. వేసుకున్నవారిలో ఆ మెరుగు కనిపించలేదు. వ్యాయామంలో కొద్దిగా పుట్టే రాడికల్స్ కణానికి ఒక సూచనగా పనిచేస్తాయి. పెద్ద మోతాదు మాత్రలు ఆ సూచనను చెరిపేస్తాయి. జిమ్‌లో చేరిన రోజే విటమిన్ డబ్బాలు కొనే కుర్రాళ్లకు ఎవరైనా ఈ సంగతి చెప్పాలి. జామకాయకూ ఉసిరికాయకూ ఈ హెచ్చరిక వర్తించదు.

చక్కెర, ఇన్సులిన్, మన శరీరం

రక్తంలోని గ్లూకోజు కండరంలోకి వెళ్లాలంటే గ్లూట్-4 అనే రవాణా ప్రోటీన్ కణం లోపలి నుంచి పైపొరకు చేరాలి. మామూలుగా దాన్ని పైకి పిలిచేది ఇన్సులిన్. టైప్-2 మధుమేహంలో ఆ పిలుపుకు కండరం సరిగ్గా స్పందించదు. అయితే ముడుచుకుంటున్న కండరం ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే, వేరే దారిలో గ్లూట్-4ను పైకి తెచ్చుకుంటుంది. మధుమేహం ఉన్నవారిలో కూడా ఈ రెండో దారి చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది. మందులు మొరాయించిన చోట కూడా నడక పనిచేయడానికి ఇదే కారణం. పైగా ఒకసారి వ్యాయామం చేశాక ఒకటి రెండు రోజులపాటు కండరం ఇన్సులిన్ మాట ఎక్కువ వింటుంది. రెండు రోజులకు మించి విరామం ఇవ్వవద్దని వైద్యులు చెప్పేది అందుకే.

మధుమేహం కూడా ఒక రకంగా చేరే ప్రమేహానికి వ్యాయామాన్ని చికిత్సగా చెప్పిన ప్రాచీన గ్రంథాల్లో సుశ్రుత సంహిత ఒకటి. డబ్బులేని రోగిని దూరాలు నడవమనీ, ఆవుల వెంట తిరగమనీ, బావులు తవ్వమనీ చెబుతుంది. ఆధునిక కాలంలో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించిన అధ్యయనాలు మూడు ప్రసిద్ధం. 1986లో చైనాలోని డాచింగ్‌లో మొదలైనది మొదటిది. అమెరికాలో మూడు వేలకు పైగా మందితో సాగి 2002లో ఫలితాలు వెలువరించినది రెండోది. అందులో ఆహార నియమం, వారానికి 150 నిమిషాల వ్యాయామం కలిసి మధుమేహం రాకను 58 శాతం తగ్గించాయి, మెట్‌ఫార్మిన్ మాత్ర 31 శాతమే తగ్గించింది. మూడోది మనకు బాగా దగ్గరిది. చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 531 మందిపై జరిపి 2006లో ప్రకటించిన భారత మధుమేహ నివారణ అధ్యయనం అది. జీవనశైలి మార్పుతో ముప్పు 28.5 శాతం, మెట్‌ఫార్మిన్‌తో 26.4 శాతం తగ్గింది. రెండూ కలిపినా అంతకు మించి లాభం రాలేదు. జీవనశైలి మార్చుకున్నవారి బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు కూడా. అయినా జబ్బు వచ్చే ముప్పు తగ్గింది. తూకం చూసి నిరాశపడేవారికి చూపించవలసిన ఫలితం ఇది.

మన విషయంలో కండరానికి ఇంకో ప్రాముఖ్యం ఉంది. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండు వైద్యుడు జాన్ యడ్కిన్ కలిసి 2004లో తమ ఇద్దరి కొలతలనే ప్రచురించారు. ఇద్దరి శరీర ద్రవ్య సూచిక ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యడ్కిన్ ఒంట్లో 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండే ఈ శరీర తత్వం మనలో చాలామందిది. తిన్న చక్కెరలో అధిక భాగాన్ని దాచుకోవలసింది కండరం. పెద్దవాళ్ల కండరాల్లో సుమారు 400 గ్రాముల గ్లైకోజెన్ పడుతుంది, కాలేయంలో 100 గ్రాములే. దాచే చోటే చిన్నదైతే మూడు పూటలా అన్నంతో వచ్చే చక్కెర రక్తంలోనే తిరుగుతుంది, లేదా కాలేయంలో కొవ్వుగా మారుతుంది. నడక ఒక్కటే మనకు చాలదు, కండ పెంచే వ్యాయామం కూడా కావాలని చెప్పడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కరలేదు.

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. హైదరాబాదుతో సహా నాలుగు నగరాల్లోని కర్మాగార కార్మికులను, పల్లెల్లోనే ఉండిపోయిన వారి తోబుట్టువులను పోల్చిన భారత వలస అధ్యయనంలో, ఒకే తల్లిదండ్రుల పిల్లలైనా పట్నం చేరినవారిలో ఊబకాయం, మధుమేహం స్పష్టంగా ఎక్కువ కనిపించాయి. వంశంలోనే ఉందని సరిపెట్టుకునే మాటకు ఇది గట్టి జవాబు.

కండరం పంపే కబుర్లు

కండరం చాలాకాలం కదలిక యంత్రంగానే పరిగణన పొందింది. పనిచేస్తున్న కండరం రక్తంలోకి వందల రకాల ప్రోటీన్లు వదులుతుందని, అవి కాలేయం, కొవ్వు, మెదడు దాకా చేరి పనిచేస్తాయని ఇప్పుడు తెలుసు. వీటికి మయోకైన్లు అనే పేరు 2003లో కోపెన్‌హాగెన్‌కు చెందిన బెంటే క్లార్లుండ్ పెడర్సన్ బృందం పెట్టింది. మొదట దొరికింది ఇంటర్‌ల్యూకిన్-6. మారథాన్ వంటి పరుగులో అది రక్తంలో వంద రెట్ల వరకు పెరుగుతుంది. జబ్బులో దీర్ఘకాలం ఎక్కువగా ఉంటే ఇదే పదార్థం ఇన్‌ఫ్లమేషన్‌కు, అంటే ఒంట్లో రగిలే మంటకు, గుర్తు. వ్యాయామంలో మాత్రం కాసేపు పెరిగి, ఇన్‌ఫ్లమేషన్‌ను అణచే ఇతర పదార్థాలను పుట్టించి తగ్గిపోతుంది. పొట్టలో పేరుకున్న కొవ్వు నుంచి రాత్రింబవళ్లు సాగే సన్నని మంట గుండెజబ్బుకూ మధుమేహానికీ ఆజ్యం పోస్తుంది కాబట్టి దీని విలువ ఎక్కువ.

క్యాన్సర్ విషయంలో పెద్దపేగు, రొమ్ము, గర్భాశయ లోపొర క్యాన్సర్లకు సంబంధించి ఆధారాలు బలంగా ఉన్నాయి. చురుకుగా ఉండేవారికి ఇవి తక్కువ వస్తాయి. ఇన్సులిన్, ఈస్ట్రోజన్ స్థాయులు తగ్గడం, రోగనిరోధక కణాలు రక్తంలో ఎక్కువగా తిరగడం కారణాలని భావిస్తున్నారు. ఈ ఆధారాలు పరిశీలన అధ్యయనాలవి గనుక, ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువ కదులుతున్నారేమోనన్న సందేహం మిగిలి ఉండేది. పెద్దపేగు క్యాన్సర్ తిరగబెట్టడం మేరకు 2025లో వెలువడిన చాలెంజ్ అనే ప్రయోగం ఆ సందేహాన్ని చాలావరకు తీర్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ పూర్తయిన 889 మందిని లాటరీ పద్ధతిలో విడదీసి, ఒక వర్గం చేత మూడేళ్లు పర్యవేక్షణలో వ్యాయామం చేయించారు. రెండో వర్గానికి ఆరోగ్య సలహా పుస్తకాలు ఇచ్చారు. ఐదేళ్లకు క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవారు మొదటి వర్గంలో 80.3 శాతం, రెండో వర్గంలో 73.9 శాతం. ఒక కొత్త మందు ఇంత తేడా చూపిస్తే ప్రతి ఆసుపత్రీ దాన్ని తెప్పించుకుంటుంది. వ్యాయామ శిక్షకుణ్ణి నియమించుకున్న క్యాన్సర్ విభాగాలు మన దగ్గర ఇంకా అరుదు.

గుండె, రక్తనాళాలు

శారీరక శ్రమకూ గుండెజబ్బుకూ ఉన్న సంబంధాన్ని శాస్త్రీయంగా మొదట చూపించింది జెర్రీ మోరిస్. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెపోటు తక్కువని 1953లో ఆయన ప్రకటించాడు. డ్రైవర్లు లావుగా ఉండటమే కారణమేమోనన్న అనుమానంతో, వారికి ఇచ్చే యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించి మళ్లీ లెక్క వేశాడు. లావైనా సన్నమైనా కండక్టర్లకు ముప్పు తక్కువగానే ఉంది. మోరిస్ స్వయంగా జీవితాంతం వ్యాయామం చేసి, 2009లో 99 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

రక్తనాళం లోపొర కణాలు ఈ తేడాకు ఒక ముఖ్య కారణం. రక్తం వేగంగా పారుతూ రాసుకున్నప్పుడు ఆ కణాలు నైట్రిక్ ఆక్సైడ్ వాయువును తయారుచేస్తాయి. దానితో నాళం విచ్చుకుంటుంది, రక్తపు గడ్డలు కట్టే ధోరణి తగ్గుతుంది. ఈ వాయువు పాత్రను కనుగొన్న ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి దక్కింది. క్రమం తప్పని వ్యాయామంతో రక్తపోటు ఉన్నవారిలో పై అంకె ఐదు నుంచి ఎనిమిది పాయింట్ల వరకు తగ్గుతుంది.

మెదడు

వ్యాయామం మెదడులో బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను పెంచుతుంది. నాడీకణాల మధ్య కొత్త లంకెలు ఏర్పడటానికి అది తోడ్పడుతుంది. 2011లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఏడాదిపాటు నడిచిన వృద్ధుల్లో జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది, నడవనివారిలో కొద్దిగా కుంచించుకుపోయింది. తర్వాతి ప్రయోగాలన్నీ ఇంత స్పష్టమైన ఫలితం ఇవ్వలేదు. కుంగుబాటు తగ్గించడంలో మాత్రం వ్యాయామానికి మంచి ఆధారాలున్నాయి.

వయసు, కండ

1966లో అమెరికాలోని డాలస్‌లో ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. వారి శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ సామర్థ్యం పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయసు తెచ్చిన నష్టం కన్నా ఆ మూడు వారాల మంచం తెచ్చిన నష్టమే ఎక్కువని తేలింది. ఆపరేషన్ అయినవారిని, బాలింతలను, జ్వరపడినవారిని వారాల తరబడి పడుకోబెట్టడమే ప్రేమ అనుకునే కుటుంబాలు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. వైద్యులు లేచి తిరగమన్నాక తిరగనివ్వడమే వారికి చేసే సేవ.

కండర తంతువుల అంచున శాటిలైట్ కణాలనే మూలకణాలు నిద్రాణంగా ఉంటాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో వీటిని గుర్తించాడు. బరువు మోసినప్పుడు తంతువుకు కలిగే సూక్ష్మమైన గాయాలు వీటిని మేల్కొలుపుతాయి. వయసుతో వీటి సంఖ్య, చురుకు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. 1990లో మరియా ఫియాటరోన్ బృందం తొంభై ఏళ్ల వయసు వృద్ధుల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించినప్పుడు వారి బలం సగటున 174 శాతం పెరిగింది. కొందరు చేతికర్ర వదిలి నడిచారు. క్రోమోజోముల కొసల్లో ఉండే టెలోమియర్లు వ్యాయామం చేసేవారిలో పొడవుగా ఉంటాయని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. వ్యాయామమే వాటిని కాపాడిందా అన్నది ఇంకా తేలలేదు. యవ్వనం తిరిగి వస్తుందన్న ప్రకటనలకు ఆధారం అంతవరకే.

ఎంత, ఎలా

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం, వాటితోపాటు కనీసం రెండు రోజులు కండలకు బలమిచ్చే వ్యాయామం అవసరం. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు కావాలి. మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం వస్తే అది మధ్యస్థం. ఆయుర్వేదం కూడా ఎవరి బలంలో సగం మేరకే వారిని వ్యాయామం చేయమంటుంది. జిమ్ తప్పనిసరి కాదు. కుర్చీ పట్టుకుని గుంజీలు, గోడకు చేతులానించి దండీలు, నీళ్ల డబ్బాలు ఎత్తడం కండకు చాలు. ఏమీ చేయనివారు కొద్దిగా మొదలుపెట్టినప్పుడు దొరికే లాభమే అన్నిటికంటే పెద్దది. భోజనం చేశాక పది పదిహేను నిమిషాల నడక చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా చూస్తుంది.

2024లో వెలువడిన ప్రపంచ స్థాయి అంచనా ప్రకారం భారతీయుల్లో దాదాపు సగం మంది ఈ కనీసాన్ని కూడా అందుకోవడం లేదు. స్త్రీలలో అది 57 శాతం, పురుషుల్లో 42 శాతం. దీన్ని బద్ధకం ఖాతాలో వేయడం అన్యాయం. కాలిబాటలు లేని రోడ్లు, చీకటి పడితే భయం, వంటింటి వేళలు, చీరలో పరుగెత్తితే నవ్వే చూపులు స్త్రీలను ఆపుతున్నాయి. నాట్లు వేసే, పత్తి ఏరే కూలీల సంగతి మరొకటి. వారి శ్రమ అపారం. కానీ విశ్రాంతి, సరిపడా తిండి లేకుండా గంటల తరబడి ఒకే భంగిమలో సాగే పని శరీరాన్ని అరగదీస్తుంది. ఉద్యోగంలో భాగమైన బరువు పని గుండెకు తీరిక వేళ వ్యాయామం ఇచ్చినంత రక్షణ ఇవ్వదని ఐరోపా అధ్యయనాలు కొన్ని సూచిస్తున్నాయి. సర్దుబాటుకు విరామం కావాలన్న సూత్రంతో ఇది సరిపోతుంది.

ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి వ్యాయామంలో చక్కెర బాగా పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు బిళ్లలు లేదా చక్కెర ఉంచుకోవాలి. మధుమేహం వల్ల పాదాలు మొద్దుబారినవారు చెప్పులు లేకుండా నడవకూడదు. నడిచేటప్పుడు ఛాతీలో బరువు, దవడకు లేదా ఎడమ చేతికి పాకే నొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే ఆగి, వెంటనే వైద్యుణ్ణి కలవాలి. ఎండాకాలంలో పొద్దెక్కక ముందే ముగించాలి. అలవాటు లేని శరీరంతో మొదటిరోజే విపరీతంగా చేస్తే కండర కణాలు పగిలి, వాటిలోని పదార్థాలు మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదం ఉంది. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారడం దానికి గుర్తు.

నడుస్తున్న పరిశోధన

ఇన్ని మేళ్లను ఒక మాత్రలో పెట్టాలన్న ప్రయత్నాలు చాలా ఏళ్లుగా సాగుతున్నాయి. ఏఎంపీకేను ప్రేరేపించే పదార్థాలు ఎలుకల్లో ఓర్పును పెంచాయి గానీ, మనుషులకు వ్యాయామానికి బదులుగా ఇవ్వగల మందు ఏదీ ఇంకా రాలేదు. ఎందుకు కష్టమో 2024లో అమెరికా ప్రభుత్వ నిధులతో జరిగిన మోట్రాప్యాక్ పరిశోధన చూపించింది. ఎనిమిది వారాలు పరిగెత్తిన ఎలుకల రక్తాన్ని, పద్దెనిమిది అవయవ కణజాలాలను పరీక్షిస్తే అన్నిటిలోనూ మార్పులు కనిపించాయి. వేల సంఖ్యలో అణువులు మారాయి, ఆడ ఎలుకల్లో, మగ ఎలుకల్లో వేర్వేరుగా. ఒక మందు ఒకటి రెండు అణువులను తాకగలదు. ఇదే పరిశోధనలో మనుషుల మీద జరుగుతున్న భాగం, ఒకే వ్యాయామం ఇద్దరిలో వేర్వేరు ఫలితాలు ఎందుకు ఇస్తుందో తేల్చే పనిలో ఉంది.